రివ్యూయర్‌కి కనిపించనివి

చిన్నా,

నిన్న ఫోన్‌లో నీ రీసెర్చ్ పేపర్ గురించి మాట్లాడుతూ నువ్వన్న ఒక మాట నన్ను వదల్లేదు. "ఏదైనా తేడా ఉంటే రివ్యూలో పట్టుకుంటారులే అమ్మా" అన్నావు. పట్టుకోరు నాన్నా. జర్నల్స్‌కి వచ్చే పేపర్లను అచ్చుకి ముందే చదివి, బాగోగులు చెబుతూ ఇన్నేళ్లుగా రివ్యూలు రాస్తున్నదాన్ని, ఈ సంగతి నేనైనా నీకు చెప్పాలి. ఫోన్‌లో చెబితే మధ్యలో "సరేలే" అనేసి పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

రివ్యూయర్ దగ్గరికి వచ్చేది ఒక పీడీఎఫ్. నువ్వు గీసిన గ్రాఫులు, నువ్వు వేసిన టేబుళ్లు, నువ్వు రాసిన మెథడ్స్. నీ ల్యాబ్ నోట్‌బుక్ నాకు కనిపించదు. ఎన్నిసార్లు చేస్తే ఒకసారి కుదిరిందో తెలియదు. ఏ పాయింట్లు తీసేశావో అంతకన్నా తెలియదు, తీసేసినవి అక్కడ ఉండవు కదా. లెక్క తప్పితే చెప్పగలను. పోల్చి చూసుకునే కంట్రోల్ ఏదని అడగగలను. చూపించిన దానికీ తేల్చిన దానికీ పొంతన లేకపోతే నిలదీయగలను. లేని రోగిని ఉన్నట్టు రాస్తే మాత్రం ఉన్నాడనే అనుకుని చదువుతాను. పైగా ఇది పైసా రాని పని, ఎవరి ఉద్యోగం వాళ్లు చేసుకుని మిగిలిన టైమ్‌లో చేసేది.

2020 మే నెలలో లాన్సెట్ అనే పెద్ద మెడికల్ జర్నల్‌లో ఒక పేపర్ వచ్చింది. కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్లకు హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు ఇస్తే మరణాలు ఎక్కువగా ఉంటున్నాయని, 671 ఆసుపత్రుల నుంచి దాదాపు 96,000 మంది రికార్డులు చూసి చెబుతున్నామని రాశారు. అది చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్రయల్‌లో ఆ మందు ఇవ్వడం కొన్నాళ్లు ఆపేసింది. రికార్డులన్నీ సర్జిస్ఫియర్ అనే కంపెనీ దగ్గర ఉన్నాయన్నారు. లాన్సెట్‌కి రివ్యూ చేసేవాళ్లు ఏమీ తెలియని వాళ్లు కారు, అయినా అది దాటిపోయింది. అచ్చయ్యాక బయటివాళ్లకు అనుమానం వచ్చింది. ఆస్ట్రేలియాలో అప్పటికి అధికారికంగా నమోదైన కోవిడ్ మరణాల కంటే ఈ పేపర్‌లో ఆస్ట్రేలియా పేరిట చూపిన మరణాలే ఎక్కువ! డేటా మొత్తం చూపించమంటే కంపెనీ ఇవ్వలేదు. రెండు వారాలు తిరక్కుండానే, జూన్ 4న, పేపర్ వెనక్కి తీసుకున్నారు. అదే కంపెనీ డేటాతో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఇంకో పేపర్ కూడా అదే రోజు పోయింది.

ఇందులో రివ్యూయర్లను పెద్దగా తప్పుపట్టను. లాన్సెట్ పేపర్ రాసింది నలుగురు. వెనక్కి తీసుకుంటూ వాళ్లలో ముగ్గురు చెప్పిందేమిటంటే, అసలు డేటా నిజమైనదేనని మేం హామీ ఇవ్వలేకపోతున్నామని. పేరు వేసుకున్నవాళ్లే తేల్చుకోలేని డేటాని రివ్యూయర్ ఎక్కడి నుంచి తేలుస్తాడు చెప్పు? జర్నల్ వ్యవస్థ అంతా రాసినవాడి మాట మీద నడుస్తుంది. ఎంత పెద్ద జర్నల్ అయినా అంతే. అందుకే భారమంతా నీ మీదే ఉంటుంది అంటున్నాను.

ఈ నమ్మకాన్ని ఎంత ధీమాగా వాడుకున్నవాళ్లు ఉన్నారో కూడా విను. రివ్యూయర్లుగా ఎవరిని పెట్టమంటారో రచయితల్నే అడిగే అలవాటు జర్నల్స్‌కి ఉంది కదా. ఒక పరిశోధకుడు ఉత్తుత్తి ఈమెయిల్ అడ్రసులు ఇచ్చి, తన పేపర్లకు తనే రివ్యూలు రాసుకున్నాడు. 2012లో దొరికిపోయాడు. ఎలాగో తెలుసా? రివ్యూలు ఇరవై నాలుగు గంటల్లో వచ్చేస్తుంటే ఎడిటర్‌కి అనుమానం వచ్చిందట. మాలాంటి వాళ్లం అంత త్వరగా రాస్తే అనుమానించాల్సిందే మరి.

ఇక నీ విషయం. మీ గైడ్ సార్ అడిగినవి రెండు. మీ డిపార్ట్‌మెంట్ హెడ్, అదే హెచ్‌ఓడీ, పేరు ఆథర్లలో కలపమన్నారు. గ్రాఫ్‌లో లైన్‌కి దూరంగా పడిన రెండు పాయింట్లు తీసేయమన్నారు. నువ్వు రెండింటికీ ఒకే రకంగా టెన్షన్ పడుతున్నావు. నా లెక్కలో ఆ రెండూ ఒకటి కావు.

పేరు సంగతి ముందు చూద్దాం. మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ నాలుగు షరతులు పెట్టింది, మీ రంగంలోనూ చాలా జర్నల్స్ ఇంచుమించు ఇవే పాటిస్తాయి. పని ఆలోచనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పాలు ఉండాలి. పేపర్ రాయడమో, విషయం తెలిసి దిద్దడమో చేసి ఉండాలి. చివరి ప్రతిని చదివి ఒప్పుకోవాలి. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే జవాబుదారీగా నిలబడతానని ముందే అంగీకరించాలి. నాలుగూ ఉంటేనే ఆథర్. డబ్బు తెచ్చినందుకో, ల్యాబ్ ఇచ్చినందుకో, కుర్చీలో కూర్చున్నందుకో పేరు రాదు, అలాంటివాళ్ల కోసం కృతజ్ఞతల పేరా ఉంది. 1975లో ఒక భౌతికశాస్త్రవేత్త ఒంటరిగా రాసిన పేపర్ నిండా "మేము" అని వాడేశాడు. టైప్‌రైటర్ మీద మళ్లీ అంతా కొట్టడం ఇష్టం లేక తన పిల్లిని కో-ఆథర్‌గా చేర్చేశాడు, ఫిజికల్ రివ్యూ లెటర్స్ అనే జర్నల్ అచ్చేసింది కూడా. నాకైతే మర్యాద కోసం చేర్చే పేర్ల కంటే ఆ పిల్లే నయమనిపిస్తుంది. అది ఆ పేపర్ చూపించి ప్రమోషన్ అడగలేదు.

మీ సార్‌తో వాదించకు. కాంట్రిబ్యూషన్స్ స్టేట్‌మెంట్ చాలా జర్నల్స్ అడుగుతున్నాయి, ఎవరు ఏం చేశారో ఒక్కో పేరుకీ రాయాలి. ఆ ఫారం ముందు పెట్టి, "హెచ్‌ఓడీ సార్ పేరుకి ఎదురుగా ఏం రాయమంటారు సార్?" అని నెమ్మదిగా అడుగు. చాలాసార్లు ఆ ఖాళీ చూశాక మాట మారుతుంది. మారకపోతే? నీ థీసిస్ వాళ్ల సంతకం మీద ఉంది, ఆ సంగతి నాకూ తెలుసు. ఈ ఒక్కదాంట్లో నువ్వు గెలవలేకపోతే నిన్ను ఏమీ అనను. అది తప్పే. కానీ నీ పేపర్ చదివి దాని మీద పని చేయబోయేవాడు ఆ పేరు వల్ల దారి తప్పడు.

పాయింట్ల విషయంలో మాత్రం తగ్గొద్దు.

ఆ రెండూ ఎందుకు అలా వచ్చాయో ముందు చూడు. ఆ రోజు నోట్‌బుక్‌లో పరికరం కాలిబ్రేషన్ పోయిందనో, శాంపిల్ ఒలికిందనో రాసి ఉంటే తీసేయవచ్చు. తీసేశామనీ, ఎందుకు తీసేశామనీ పేపర్‌లో రాయాలి. కారణం ఇప్పుడు వెతుక్కోవాల్సి వస్తే అది కారణం కాదు. ఆ రెండూ లేకపోతే పీ వాల్యూ 0.05 కిందికి వస్తోందని, అంటే ఫలితం గట్టిదని చెప్పుకునే గీత దాటుతోందని నువ్వే చెప్పావు, అంటే వాటి తప్పల్లా మీకు కావలసిన చోట పడకపోవడమే. తీసి ఒక గ్రాఫ్, ఉంచి ఒక గ్రాఫ్ గీయి. ఉంచినది పేపర్‌లో, తీసినది పేపర్‌తో పాటు ఇచ్చే సప్లిమెంటరీలో పెట్టు. ఫలితం బలహీనంగా ఉందని రివ్యూయర్ రాస్తే రాయనీ. బలహీనంగానే ఉంది కదా.

డేటా అంటే కాస్త చిందరవందరగానే ఉంటుంది. అది లేకపోవడమే అనుమానానికి దారి. జపాన్‌లో ఒక మత్తుమందు డాక్టర్ వాంతులు తగ్గించే మందుల మీద ఏళ్ల తరబడి ట్రయల్స్ అచ్చేశాడు. ఇంగ్లండ్ డాక్టర్ జాన్ కార్లైల్ 2012లో ఆ ట్రయల్స్ అంకెలన్నీ కలిపి లెక్కగట్టాడు. రోగుల్ని చీటీలు వేసినట్టు రెండు గుంపులుగా విడదీస్తే సగటు వయసు, బరువు అంతో ఇంతో తేడాగా వస్తాయి. ఈయన పేపర్లలో గుంపులు సహజంగా రావాల్సిన దానికంటే దగ్గరగా ఉన్నాయి. తర్వాత జపాన్ మత్తువైద్యుల సంఘం విచారణ జరిపి, చూసిన 212 పేపర్లలో 172 కల్పితాలని తేల్చింది. ఆ పేపర్ల మీద కో-ఆథర్లుగా ఉన్న కొందరికి తమ పేరు అక్కడున్న సంగతే తెలియదు. అయినా అవన్నీ రివ్యూలు దాటినవే! వాంతులు తగ్గించే మందు ఏది ఇవ్వాలని వెతుక్కున్న డాక్టర్లు ఎన్నో ఏళ్లు వాటినే చదివారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

నువ్వు చేస్తున్నది ఆ స్థాయిది కాదని నాకు తెలుసు, దాన్నీ దీన్నీ ఒక గాటన కట్టడం లేదు. రెండు పాయింట్లు తీయడం చాలా చోట్ల మామూలైపోయింది. మామూలు కాబట్టే ఇంతగా రాస్తున్నాను.

ఇప్పటికే ఏదైనా పేపర్‌లో అలాంటిది వెళ్లిపోయి ఉంటే భయపడకు, జర్నల్‌కి రాసి సవరణ వేయించవచ్చు. 2018లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్, మరుసటి ఏడాది సైన్స్ అనే జర్నల్‌లో తన బృందం వేసిన పేపర్‌ని 2020 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. ప్రయోగం మళ్లీ చేస్తే రాలేదు, నోట్‌బుక్‌లో కీలకమైన చోట్ల ఎంట్రీలు, అసలు డేటా లేవు. ఆ సంగతి తనే ట్విట్టర్‌లో చెప్పి, పంపేటప్పుడు హడావుడిలో ఉండి నా పని సరిగ్గా చేయలేదని కూడా ఒప్పుకున్నారు. ఆవిడ మీద గౌరవం తగ్గిన వాళ్లెవరూ నాకైతే తగల్లేదు. మన దగ్గర మాత్రం రిట్రాక్షన్, అంటే పేపర్ వెనక్కి తీసుకోవడం, అన్న మాట వింటేనే పరువు పోయిందనుకుంటారు, ఆ భయంతోనే తప్పులు అచ్చులో అలాగే ఉండిపోతాయి.

"డియర్ ఎమినెంట్ ప్రొఫెసర్" అంటూ, వారంలో అచ్చేస్తాం ఫీజు కట్టండని వచ్చే మెయిళ్లు తెరవకుండానే డిలీట్ చెయ్. జాన్ బొహానన్ అనే జర్నలిస్టు 2013లో కావాలని తప్పులతో ఒక దొంగ పేపర్ రాసి 304 జర్నల్స్‌కి పంపితే, 157 ఒప్పుకున్నాయి. ఇంగ్లీషు దిద్దడానికి చాట్‌బాట్ వాడితే వాడు, వాడినట్టు రాసెయ్. అది ఇచ్చిన రిఫరెన్సులు మాత్రం ఒక్కొక్కటీ తెరిచి చూడు, లేని పేపర్లని కూడా ఉన్నట్టే చెబుతుంది.

మీ సార్‌కి పాయింట్ల గురించి మెయిల్ పెట్టకు, ఎదురుగా కూర్చుని మాట్లాడు. మెయిల్‌లో ఎంత మర్యాదగా రాసినా నిలదీసినట్టు ఉంటుంది. మాట్లాడాక ఏం అనుకున్నారో నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకో. రెండు గ్రాఫులూ, ఆ రోజు నోట్‌బుక్ పేజీ ఫోటో నాకు పంపు, ఆదివారం చూసి చెబుతాను. మళ్లీ చేయడానికి శాంపిల్ ఎంత మిగిలి ఉందో అది కూడా రాయి.

అమ్మ