తండ్రి మంచం పడితే పిల్లల మనోవర్తి ఎవరిస్తారు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కిడ్నీ రోగుల గురించి పేపర్లలో తరచూ వస్తూనే ఉంటుంది. డయాలసిస్ బెడ్లు, తాగునీరు, పింఛన్లు అన్నీ రాస్తారు. ఆ రోగుల పిల్లల గురించి, అందులోనూ అమ్మానాన్నలు విడిపోయిన పిల్లల గురించి మాత్రం నేనెక్కడా చదవలేదు. మా ఇంట్లో జరుగుతున్నది అదే కాబట్టి రాస్తున్నాను.

మా బాబుకు నెలకు 4,000 రూపాయలు మనోవర్తి ఇవ్వాలని 2019లో కోర్టు ఆర్డరు వేసింది. వాళ్ల నాన్న అప్పుడు లారీ నడిపేవారు. మా ఇద్దరికీ పడకపోయినా, పిల్లాడి డబ్బు ఓ నెల అటూ ఇటూ అయినా పంపేవారు. 2023లో ఆయన రెండు కిడ్నీలూ పాడైపోయాయి. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు. ఇక స్టీరింగ్ పట్టేదెక్కడ? డబ్బు ఆగిపోయింది.

ఆర్డరు మాత్రం ఆగలేదు. ఇది చాలామందికి తెలియదు, మాకూ తెలియలేదు. మనిషికి జబ్బు చేసినంత మాత్రాన మనోవర్తి దానంతట అది తగ్గదు. పరిస్థితి మారిందని కోర్టులో పిటిషన్ వేసి, రుజువులు చూపిస్తేనే ఆ డబ్బు ఎంతన్నది మారుస్తారు. పాత చట్టం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 127వ సెక్షన్. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్‌లో 146. పిటిషన్ వేయనంత కాలం పాత 4,000 నెలనెలా బాకీగా పేరుకుంటూనే ఉంటుంది. డయాలసిస్ నుంచి వచ్చి రోజంతా లేవలేని మనిషికి వకీలును పెట్టుకోవాలని ఎవరు చెబుతారు? ఎవరూ చెప్పలేదు.

నా వైపు ఇంకో చిక్కు. డబ్బు రావలసిన రోజు నుంచి ఏడాదిలోపు నేను కోర్టుకు వెళ్లకపోతే ఆ బాకీ వసూలుకు వారంటు అడగడానికి వీలుండదు. అంటే జాలిపడి ఊరుకుంటే నా కొడుకు హక్కు పోతుంది. వెళ్తే, కట్టని ప్రతి నెలకూ నెల వరకూ జైలు వేయవచ్చు. తగిన కారణం లేకుండా ఎగ్గొట్టిన వాళ్లకే జైలని చట్టంలో ఉంది, నిజమే. కానీ ఆ కారణం చెప్పుకోవడానికి ఆయన కోర్టు మెట్లు ఎక్కాలి. వాయిదా డయాలసిస్ రోజున పడితే? ఆ టెన్షన్ ఆయనకే కాదు, నాకూ ఉంది. ఎంతైనా నా బిడ్డకు తండ్రి.

"ఆయనకు నెలకు 10,000 పింఛను వస్తోంది కదా, అందులో అడుగు" అన్నారు కొందరు. మన రాష్ట్రంలో డయాలసిస్ రోగులకు ఎన్టీఆర్ భరోసా కింద ఇస్తున్నది అంతే. పక్కన తెలంగాణలో 2,016. డయాలసిస్ ఉచితమే, కానీ ఆటో ఛార్జీలు, బయట కొనే మందులు, తిండి, అన్నీ ఆ పది వేలలోనే. అందులో 4,000 లాక్కుంటే ఆయన బతకాలా వద్దా? ఒకటో తారీఖున పింఛను చేతికి రాగానే మా అత్తగారితో వెయ్యి రూపాయలు పంపిస్తున్నారు. ఆ వెయ్యి తీసుకోవడానికే నాకు చెయ్యి రాదు.

తక్కువ జీతమున్న కంపెనీ ఉద్యోగులకైతే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఈఎస్‌ఐ ఉంటుంది. జబ్బు చేస్తే 91 రోజుల వరకూ జీతంలో 70 శాతం, కొన్ని దీర్ఘకాలిక జబ్బులకు ఆ తర్వాత కూడా 80 శాతం ఇస్తారు. ఆ డబ్బును కోర్టు కూడా జప్తు చేయకూడదని చట్టంలోనే రాసి ఉంది. రోగి తిండిని కాపాడారు, మంచిదే. ఆ రోగి పిల్లల తిండి సంగతి ఆ పక్కనే రాయాల్సింది.

ఒక దారి ఉందని మా వీధి అంగన్‌వాడీ టీచర్ చెప్పేదాకా నాకు తెలియదు. కేంద్రం మిషన్ వాత్సల్య అనే బాలల సంరక్షణ పథకం కింద ఇలాంటి పిల్లలకు నెలకు 4,000 స్పాన్సర్‌షిప్ ఇస్తుంది. తల్లి విడాకులు తీసుకున్నదైనా, తల్లిదండ్రుల్లో ఎవరికైనా ప్రాణాంతక జబ్బు ఉన్నా అడగవచ్చు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇవ్వాలి. చూడండి, కోర్టు వేసిన మొత్తమూ అదే 4,000! ఇన్నాళ్లూ కోర్టు గుమ్మం దగ్గర ఒక్కరైనా ఆ మాట చెప్పి ఉంటే, మా బాబు ట్యూషన్ మానేవాడు కాదు.

అందులోనూ ఒక అన్యాయం ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి పట్టణంలో 96,000, పల్లెలో 72,000 దాటకూడదు. నేను కుట్టుపని మీద నెలకు ఏడు వేలు సంపాదిస్తాను. పలాసలో ఉన్నాను కాబట్టి అర్హురాలిని. ఇదే సంపాదనతో మందసలోనో కవిటిలోనో ఉంటే నా దరఖాస్తు పక్కన పడేసేవాళ్లు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్నది ఆ పల్లెల్లోనే కదా! మా ఇంటికి వచ్చి చూసి వెళ్లారు, మంజూరు కోసం ఎదురుచూస్తున్నాను.

జబ్బు పేరు చెప్పి తప్పించుకునే తండ్రులు లేరని అనను. కోర్టులో నాకు తెలిసిన ఇద్దరు ఆడవాళ్లు దొంగ సర్టిఫికెట్లతో నష్టపోయారు. అందుకే ప్రభుత్వ మెడికల్ బోర్డు చెప్పిందే లెక్కలోకి తీసుకోవాలి. బోర్డు నిజమని తేల్చిన కేసుల్లో మాత్రం మనోవర్తి తగ్గించే రోజునే, ఆ ఆర్డరు కాపీని కోర్టే నేరుగా బాలల సంరక్షణ విభాగానికి పంపాలి. తండ్రి ఇవ్వలేని భాగం స్పాన్సర్‌షిప్‌గా మొదలు కావాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త పథకమూ అక్కర్లేదు. పేదలకు ఉచితంగా న్యాయసాయం చేసే జిల్లా న్యాయసేవాధికార సంస్థ వాళ్లు డయాలసిస్ కేంద్రాల్లో నెలకొకసారి కూర్చుని, మనోవర్తి బాకీ ఉన్న రోగులతో అక్కడే పిటిషన్ రాయించినా చాలామందికి వారంటు భయం తీరుతుంది.

ఈ ఉత్తరం మన జిల్లా అధికారుల కంట పడేలా వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తల్లి,
పలాస, శ్రీకాకుళం జిల్లా