పునరాగమనాయ చ

చిరంజీవి చిన్నికి నాన్న ఆశీస్సులు.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగాను. అందులో సగమే మాకు తెలుసు, మిగతా సగం నీ దగ్గరుంది. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. అమ్మ మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. శేషు వచ్చి మేడ మీద ట్యాంకు మార్పించాడు. జామచెట్టు ఈసారి విరగకాసింది. కోసేవాళ్ళు లేక సగం చిలకలే తింటున్నాయి.

నీ ఆఖరి సందేశం వచ్చి నేటికి ఇరవై మూడు రోజులు. "డెడ్‌లైన్ ఉంది నాన్నా, తర్వాత మాట్లాడతాను" అన్నావు. ఆ తర్వాత నేను పంపిన ప్రతిదాని కిందా రెండు నీలం గీతలు పడుతున్నాయి, జవాబు మాత్రం లేదు. పని ఎక్కువై ఉంటుంది. దాని గురించి అడగడానికి కాదు ఈ ఉత్తరం. మొన్న పాత నోటు పుస్తకాలు సర్దుతుంటే, తరగతిలో చెప్పడానికి నేను రాసుకున్న ఇంగ్లీషు నుడికారాల కథలు బయటపడ్డాయి. చిన్నప్పుడు అన్నం తినిపించాలంటే నీకు అవే చెప్పేవాణ్ణి. నాలుగు రాసి పంపుదామనిపించింది.

నీ డెడ్‌లైన్‌తోనే మొదలుపెడతాను. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, జార్జియాలోని ఆండర్సన్‌విల్ దగ్గర దక్షిణాది సైన్యం యుద్ధఖైదీలకు ఒక చెర కట్టింది. చుట్టూ ఎత్తైన దుంగల గోడ, దానికి కొన్ని గజాలు లోపలగా తేలికపాటి కర్ర కంచె. ఆ కంచె దాటిన ఖైదీని కావలివాడు అడగకుండా కాల్చవచ్చు. దాని పేరే డెడ్‌లైన్, చావు గీత. పద్నాలుగు నెలల్లో దాదాపు 45,000 మంది అందులోకి వెళ్తే 13,000 మంది దాకా అక్కడే పోయారు. తుపాకీ చంపినవాళ్ళు తక్కువ, ఆకలీ రోగాలూ చంపినవాళ్ళే ఎక్కువ. ఆ తర్వాత ఆ మాట అచ్చు యంత్రాల దగ్గరికీ పత్రికాఫీసులకూ చేరి ఇప్పుడు నీ నోట పలుకుతోంది. మనం గడువు అంటాం. గడిచేది గడువు. అది దాటినంత మాత్రాన ఎవరూ తుపాకీ ఎత్తరు. నువ్వు రాత్రి రెండింటి దాకా మేలుకునే ఉంటున్నావని రాజ్యం అత్త చెప్పింది. అలా చేయకు. కాసింత పెరుగన్నం తిని పదింటికల్లా పడుకో.

అక్కడ ఇంగ్లండులో వానలు మొదలై ఉంటాయి. ఏడో తరగతిలో నువ్వు ఎక్కడో చదివి వచ్చి, పూర్వం ఇంగ్లండులో పూరికప్పుల మీద పడుకున్న పిల్లులూ కుక్కలూ జడివానకు జారి కింద పడేవనీ, అందుకే వాళ్ళు కుండపోత వానను 'పిల్లులూ కుక్కలూ కురుస్తున్నాయి' అంటారనీ పందెం కాశావు. ఆ కథకు ఆధారం లేదని అప్పుడే చెప్పాను. వినడానికి బాగున్న కథను ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. గొడుగు పెద్దది కొనుక్కో. మడతపెట్టే చిన్న గొడుగు సముద్రపు గాలికి ఆగదు.

రాజ్యం పేరు ఎత్తాను కదా. మొన్న ఆదివారం పెళ్ళిలో ఆమె నన్ను పక్కకు పిలిచి, "చిన్నికి అక్కడ సాక్ ఇచ్చారట కదా అన్నయ్యా" అంది. ఉద్యోగంలోంచి తీసేశారని. వాళ్ళబ్బాయికి ఎవరో చెప్పారట. నేను నమ్మలేదు. చూసీ చూడనట్టు వదిలేయాలనే అనుకున్నాను.

దీన్నే ఇంగ్లీషులో గుడ్డి కన్ను తిప్పడం అంటారు. బ్రిటిష్ నౌకాదళాధిపతి నెల్సన్ కథ నీకు గుర్తుండే ఉంటుంది. 1794లో కోర్సికాలోని కాల్వి దగ్గర అతని కుడికంటి చూపు పోయింది. 1801లో కోపెన్‌హేగన్ యుద్ధంలో పోరు ఆపమని పై అధికారి ఓడ మీద జెండాలు ఎగిరాయి. నెల్సన్ దుర్భిణిని ఆ చూపులేని కంటికి పెట్టుకుని, నాకు ఏ జెండా కనిపించడం లేదన్నాడని చెబుతారు. అప్పుడతను ఉన్నది 'ఎలిఫెంట్' అనే ఓడలో. ట్రఫాల్గర్‌లో నడిపిన 'విక్టరీ' మీ పోర్ట్స్‌మత్ రేవులోనే ఉంది. రెండేళ్ళుగా చూసి రమ్మంటున్నాను, వెళ్ళావా? నెల్సన్ గెలిచాడు కాబట్టి ఆ గుడ్డి కన్ను గొప్పదైంది. బిడ్డ విషయంలో తండ్రికి అలాంటి కన్ను ఉండదు చిన్నీ.

అందుకే ఆ రాత్రి నిద్ర పట్టక 'సాక్' అన్న మాట తిరగేశాను. సాక్ అంటే సంచి. పూర్వం వడ్రంగులూ తాపీపనివాళ్ళూ పనిముట్లను తమ సంచిలోనే తెచ్చుకునేవారట. పని ఉన్నన్నాళ్ళూ ఆ సంచి యజమాని దగ్గర ఉండేదట. వద్దనుకున్న రోజున సంచి చేతికిచ్చేవాడని చెబుతారు. ఫ్రెంచివాళ్ళు 17వ శతాబ్దంలోనే ఇలా అనేవారు, ఇంగ్లీషులోకి 19వ శతాబ్దం మొదట్లో వచ్చింది. ఆలోచిస్తే, సంచి తిరిగి ఇచ్చారంటే అందులోని ఉలీ సుత్తీ పనివాడివేనని ఒప్పుకున్నట్టే.

ఇంకొకటుంది, బైట్ ది బుల్లెట్. మన తుపాకీ గుళ్ళ గొడవలో, 1857లో పుట్టిందని చాలామంది చెబుతారు. కాదు. అప్పుడు సిపాయిలు కొరకవలసింది తూటా మీది కాగితాన్ని. అంతకు ముందే, 18వ శతాబ్దం చివర, బ్రిటిష్ సైన్యంలో కొరడా దెబ్బలు తినే సిపాయి అరుపు బయటికి రాకుండా సీసపు గుండు నమిలేవాడు. అరిచినవాణ్ణి నైటింగేల్ పిట్ట అని వెక్కిరించేవారు. మనం పంటి బిగువున భరించడం అంటాం.

ఈ ముక్క నేను మొదట చదివింది వేటపాలెం సారస్వత నికేతనంలో. ఎందుకు వెళ్ళానో నీకు ఎప్పుడూ చెప్పలేదు. 1984లో చీరాలలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. ఒక శనివారం సాయంత్రం, పిల్లలు తగ్గారు, సోమవారం నుంచి రావద్దన్నారు. అప్పటికే పెద్దత్త పెళ్ళికి తాతయ్య అప్పులో ఉన్నారు. చెప్పడానికి నోరు రాలేదు. సోమవారం మామూలుగానే నాన్నమ్మ క్యారేజీ కట్టింది, మామూలుగానే బస్సెక్కాను. చీరాలలో దిగకుండా వేటపాలెం వెళ్ళి గ్రంథాలయంలో కూర్చున్నాను. అలా అయిదు వారాలు. మధ్యాహ్నం చల్లారిన అన్నం ఎవరూ చూడని చోట తినేవాణ్ణి. సాయంత్రం ఇంటికి వచ్చి, తాతయ్య అడిగితే ఆ రోజు ఏ పాఠం చెప్పానో కల్పించి చెప్పేవాణ్ణి. నుడికారాల మీద ఒక లావుపాటి పాత పుస్తకం ఆ రోజుల్లోనే మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివాను.

ఒకరోజు నాన్నమ్మ నూతి దగ్గర నా చొక్కా ఉతుకుతూ, "ఈ మధ్య నీ బట్టలు ఉతకడం తేలికైంది రా, సుద్దపొడే ఉండడం లేదు" అంది. తల ఎత్తలేదు. చొక్కా జాడించి, పిండి, తీగ మీద ఆరేసింది. లోపలికి వెళ్తూ, "రేపటి నుంచి క్యారేజీ ఎందుకు? ఇంట్లో వేడిగా తిను" అంది. ఆ రాత్రి తాతయ్యకు చెప్పాను. ఆయన ఒక్క మాటా అనలేదు. తెల్లవారేసరికి నా సర్టిఫికెట్లన్నీ ఒక గుడ్డసంచిలో సర్ది చేతికిచ్చి, గుంటూరు వెళ్ళి రమ్మన్నారు. జిల్లా పరిషత్తు ఉద్యోగం రావడానికి ఇంకా రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళ ఇబ్బంది ఇప్పుడు సరిగా గుర్తు కూడా లేదు. ఆ అయిదు వారాలు మాత్రం ఒక్కో రోజూ గుర్తుంది.

రాజ్యం చెప్పింది నిజమో కాదో నువ్వే చెప్పాలి. ఉద్యోగం పోతే నీలాంటి వీసా మీద ఉన్నవాళ్ళకు సాధారణంగా 60 రోజులు ఇస్తారని శేషు చెప్పాడు. తారీకులు కాగితం మీద రాసి పెట్టుకో. ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా ఉంచమన్నాను, ఉంచావా? లేకపోతే అడుగు, డిపాజిట్టు తీయడం ఒక పూట పని. అద్దె మాత్రం ఆలస్యం చేయకు. అరటిపళ్ళూ బ్రెడ్డూ తిని రోజులు నెట్టకు.

మన భాషలో ఉద్యోగంలోంచి తీసేయడాన్ని ఉద్వాసన పలకడం అంటాం. పత్రికలు రోజూ రాసే మాటే, దాని పుట్టుక దేవుడి గదిలో. మొన్న చవితి పూజ అయ్యాక అమ్మ వినాయకుణ్ణి కొంచెం కదిపి ఉద్వాసన చెప్పింది. క్షేమాయ పునరాగమనాయ చ. క్షేమంగా వెళ్ళి మళ్ళీ రావాలని. ఇన్నేళ్ళుగా వింటున్నాను, ఈసారి ఆ చివరి మాట దగ్గర నా గొంతు కలవలేదు.

మాధవి వాళ్ళబ్బాయి గురువారం బయలుదేరుతున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. కందిపొడి, ఉసిరికాయ పచ్చడి, నీ పాత శాలువా ఉన్నాయి. పచ్చడిలో తడి గరిటె పెట్టకు. అందగానే ఫోను చెయ్యి, ఏ వేళైనా సరే, నా ఫోను తలదగ్గరే ఉంటుంది.

రాజ్యం మాట అమ్మకు చెప్పలేదు. పని ఒత్తిడిలో ఉన్నావనే చెప్పాను. ఇవాళ పొద్దున అమ్మ నీ గదిలో మంచం మీది పుస్తకాలన్నీ తీసి, పరుపు ఎండలో వేసింది. ఎందుకని నేను అడగలేదు.

మీ నాన్న