విషయం: మైలేజ్ ప్యాకేజీకి కట్టిన డబ్బు వాపసు గురించి

హైదరాబాద్

సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. నాది 2011 మోడల్ డబుల్ క్యాబిన్ డీజిల్ పికప్. సరుకు మోసే పని ఎప్పుడో మానేసింది. ఇప్పుడు బోడుప్పల్ నుంచి జీడిమెట్లకు డ్యూటీకి వెళ్లి రావడానికే వాడుతున్నాను. లీటరుకు పన్నెండు కిలోమీటర్లు ఇచ్చే బండి తొమ్మిదికి పడిపోతే మీ దగ్గరికి తెచ్చాను. ముప్పై శాతం పెరుగుతుందని బిల్లు వెనక రాసి, ముద్ర కొట్టి మరీ రూ.6,800 తీసుకున్నారు. పైసా లాభం లేదు.

మీ ప్యాకేజీలో ఉన్నవి: ట్యాంకులో పోసిన సీసాడు మందు, ఇంజిన్‌లో పేరుకున్న మసి తీసే డీకార్బనైజింగ్, డీజిల్ పైపుకి జిప్ టైతో కట్టిన రెండు అయస్కాంతం ముక్కలు. అయస్కాంతం డీజిల్‌ని ఏం చేస్తుందని అడిగితే, "అణువులు విడిపోతాయి సార్, బాగా మండుతుంది" అన్నారు మీ అడ్వైజర్. డీజిల్ ఏమన్నా ఇనుప రజనా? అమెరికాలో పర్యావరణ సంస్థ ఇపిఎ ఇలాంటి పరికరాలు వందకు పైగా పరిశీలించింది. మైలేజ్‌ని చెప్పుకోదగ్గంతగా పెంచింది ఒక్కటీ కనబడలేదు. ఆ సంగతి అలా ఉంచండి. మీవాళ్లు ఆ ముక్కలు కట్టింది ఇంజిన్ వాడుకోగా మిగిలిన డీజిల్ ట్యాంకుకు తిరిగి వెళ్లే రిటర్న్ పైపుకి!

ట్రయల్‌లో పదమూడు వచ్చిందన్నారు. ఏసీ ఆపి, ఖాళీ ఔటర్ రింగ్ రోడ్డు మీద నిదానంగా తోలితే ఏ బండైనా ఇస్తుంది. నేను రోజూ వెళ్లేది ఉప్పల్ రింగ్ రోడ్డు, తార్నాక, మెట్టుగూడ, బోయిన్‌పల్లి మీదుగా. చాలా దూరం సెకండ్ గేరు దాటదు. ఒకే బంకులో ఆటో కట్ అయ్యేదాకా ట్యాంకు నింపించి, మళ్లీ అలాగే నింపించినప్పుడు పట్టిన డీజిల్‌తో తిరిగిన కిలోమీటర్లు లెక్కేశాను. మీ ప్యాకేజీ తర్వాత కూడా తొమ్మిదే.

చివరికి ఆటోనగర్‌లో ఒక మెకానిక్‌కి చూపించాను. ఆయన బానెట్ కూడా ఎత్తకముందే జాకీ పెట్టి ముందు కుడి చక్రాన్ని చేత్తో తిప్పబోయాడు. కదల్లేదు. బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ పిన్ను తుప్పుతో బిగుసుకుపోయి, పెడల్ మీంచి కాలు తీసినా ప్యాడ్ డిస్కును వదలడం లేదు. అంటే ఇన్నాళ్లూ బండి బ్రేకు పట్టుకునే నడుస్తోంది. బండి ఆపినప్పుడు ఎడమ రిమ్ము గోరువెచ్చగా ఉంటే కుడి రిమ్ము మీద చెయ్యి పెట్టలేకపోయాం. రెండోది, ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్ వాల్వ్ అసలు లేదు. వేడెక్కకుండా ఉంటుందని ఎవరో పీకేసి ఉంటారు, మన దగ్గర ఇది మామూలే. ఇంజిన్ ఎప్పుడూ చల్లగానే ఉండి డీజిల్ ఎక్కువ తాగుతోంది. టెంపరేచర్ ముల్లు సగానికి రాకపోవడం ట్రయల్ తోలిన మీ డ్రైవర్ కంట్లో పడలేదా? వెనక టైర్లలో గాలి కూడా డోరు దగ్గర స్టిక్కర్ మీద రాసిన దానికన్నా బాగా తక్కువ.

ఇవి సరిచేయించాక సిటీలోనే పదకొండున్నర వస్తోంది.

నా కోపం మైలేజ్ ఒక్కదాని గురించి కాదు. మీ చెక్‌లిస్టులో "బ్రేకులు" ఎదురుగా టిక్కు ఉంది, "టైరు ప్రెషర్" ఎదురుగానూ ఉంది. పై నుంచి కింది దాకా అన్నీ ఒకే ఊపులో పెట్టిన టిక్కులు. అలా కాలిపోతున్న బ్రేకు ఏ ఫ్లైఓవర్ దిగేటప్పుడో పట్టు వదిలేస్తే మా ఇంట్లోవాళ్ల గతేంటి? ఫోన్ చేసి అడిగితే, "పాత బండి సార్, అంతే వస్తుంది" అన్నారు. డబ్బు తీసుకునేటప్పుడు అది కొత్త బండా?

రూ.6,800 పూర్తిగా వాపసు ఇవ్వండి. మీ అయస్కాంతాలు విప్పించాను, వచ్చి తీసుకెళ్లొచ్చు. నా చెక్‌లిస్టు మీద సంతకం పెట్టిన టెక్నీషియన్ చక్రాలు లేపి చూశాడో లేదో విచారించి రాతపూర్వకంగా తెలపండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను.

బిల్లు, చెక్‌లిస్టు, డీజిల్ రసీదులు, రిటర్న్ పైపు ఫోటో జత చేస్తున్నాను.

ఇట్లు,
మీ కస్టమర్,
బోడుప్పల్