క్లెమెంటే మొదటి ఏడాది

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మా, నేనూ క్షేమం. ఆదివారం ఫోనులో నువ్వు "పాత బృందంలో నేను ఎవరికీ అక్కరలేదు కాబట్టే వేరే బృందం అడగ్గానే వదిలేశారు, ఇక్కడికి వచ్చి మూడు నెలలైనా పని చేతికి రావడం లేదు నాన్నా" అన్నప్పుడు నాకు వెంటనే మాట తోచలేదు. తరువాత ఆలోచిస్తూ ఉంటే, నీ చిన్నతనంలో పెన్‌హిల్స్ గుడిలో స్వామి దర్శనం చేసుకొని, పులిహోర పొట్లాలు పట్టుకొని, ఆట చూడడానికి మనం నడిచి దాటిన పసుపుపచ్చ వంతెన గుర్తుకొచ్చింది. దానికి రాబర్టో క్లెమెంటే పేరు ఎందుకు పెట్టారని నువ్వు అడిగితే, గొప్ప బేస్‌బాల్ ఆటగాడమ్మా అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నాను. ఆయన మన పిట్స్‌బర్గ్‌కు ఎలా వచ్చాడన్నదే అసలు చెప్పవలసిన సంగతి.

ప్యూర్టో రికోలోని కరోలినా అనే ఊరి కుర్రవాడిని 1954లో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు 10 వేల డాలర్ల బోనస్ ఇచ్చి చేర్చుకుంది. 4 వేల డాలర్లకు మించి బోనస్ తీసుకున్న కొత్త ఆటగాడిని మేజర్ లీగ్ అనే అగ్రశ్రేణిలో ఆడే పెద్ద జట్టులోనే ఉంచాలనీ, కింది జట్టుకు పంపితే ఆ ఏడాది చివర మిగతా జట్లలో ఏదైనా అతన్ని డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా ఆటగాళ్ళను ఎంచుకొనే చోట, తీసుకోవచ్చనీ అప్పటి నిబంధన. డాడ్జర్స్‌కు మేటి ఆటగాళ్ళు ఎందరో ఉన్నారు, ఈ పంతొమ్మిదేళ్ళ పిల్లవాడికి చోటు లేదు. అందుకని మాంట్రియల్‌లోని తమ కింది జట్టుకు పంపారు. అక్కడా అతన్ని ఆడించింది తక్కువే, బ్యాటు పట్టిన లెక్క ఏడాది మొత్తానికి 148 సార్లు. ఇతరుల కంట పడకుండా కావాలనే దాచారని చాలామంది రాశారు, ఆ జట్టు మేనేజరు మాక్స్ మేకన్ మాత్రం అలాంటిదేమీ లేదన్నాడు. ఏది నిజమైనా, బల్ల మీద కూర్చున్న కుర్రవాడికి తాను పనికిరానన్న భావమే కదమ్మా మిగిలేది.

ఆ వేసవిలో పిట్స్‌బర్గ్ పైరేట్స్ తరఫున క్లైడ్ సూక్‌ఫోర్త్ అనే పెద్దమనిషి, జో బ్లాక్ అనే పిచర్‌ను, అంటే బ్యాటర్‌కు బంతి వేసేవాడిని, చూసి రమ్మంటే వెళ్ళాడు. అంతకు తొమ్మిదేళ్ళ ముందు, అప్పటి డాడ్జర్స్ అధిపతి బ్రాంచ్ రికీ పంపగా, తరువాత ఆధునిక మేజర్ లీగ్‌లో తొలి నల్లజాతి ఆటగాడైన జాకీ రాబిన్సన్‌ను చూడడానికి వెళ్ళినవాడు కూడా ఈయనే. ఆటకు ముందు సాధనలో, మైదానం చివరి నుంచి బంతి విసురుతున్న క్లెమెంటే చెయ్యి ఆయన కంట పడింది. చూడడానికి వచ్చిన మనిషిని పక్కన పెట్టి, ఈ కుర్రవాడినే గుర్తుపెట్టుకొని వెళ్ళాడు. ఆ ఏడాది పైరేట్స్ తమ లీగులో అట్టడుగున ఉన్నారు కాబట్టి డ్రాఫ్టులో తొలి ఎంపిక వారిదే అయింది, నవంబరులో 4 వేల డాలర్లు కట్టి క్లెమెంటేను తీసుకున్నారు.

వచ్చీ రాగానే అద్భుతాలు చేశాడనుకుంటున్నావేమో, అలా జరగలేదు. 1955లో అతని బ్యాటింగ్ సగటు .255, అంటే బ్యాటు పట్టిన నాలుగుసార్లలో ఇంచుమించు ఒక్కసారే హిట్, అంటే బంతిని కొట్టి బేస్ చేరడం, దొరికింది. ఆ ఏడాదీ పైరేట్స్‌ది చివరి స్థానమే, అతన్ని వదులుకున్న డాడ్జర్స్ మాత్రం అదే ఏడాది ఛాంపియన్లను తేల్చే వరల్డ్ సిరీస్ గెలిచారు. ఆ రెండు ఫలితాలు పక్కపక్కన చూసినవారెవరైనా పాత జట్టు సరిగ్గానే చేసిందని అనుకొని ఉంటారు. కానీ ఓడిపోతున్న జట్టు కాబట్టే అతన్ని రోజూ ఆడించగలిగింది, తప్పులు చేసే వ్యవధి ఇవ్వగలిగింది.

ఇప్పుడు ప్రతి డిసెంబరులోనూ జరిగే రూల్ 5 డ్రాఫ్టులో ఈ వ్యవధి నిబంధనగానే ఉంది. వేరే జట్టు కింది శ్రేణిలో మిగిలిపోయిన ఆటగాడిని లక్ష డాలర్లు కట్టి తీసుకున్నవారు, మరుసటి ఏడాదంతా అతన్ని మేజర్ లీగ్ జట్టులోనే ఉంచుకోవాలి, ఉంచలేకపోతే 50 వేలకు తిరిగి తీసుకొమ్మని పాత జట్టును అడగాలి. అలా తిరిగి వెళ్ళేవారే ఎక్కువ, ఆ మాట నీ దగ్గర దాచను. కానీ వెనెజ్వేలా కుర్రవాడు యోహాన్ సాంటానా సంగతి చూడు. హ్యూస్టన్ ఆస్ట్రోస్ నుంచి 1999 డిసెంబరులో ఫ్లోరిడా మార్లిన్స్ అతన్ని ఎంచుకొని, వెంటనే మిన్నెసోటా ట్విన్స్‌కు ఇచ్చేశారు. 2000లో అతను ప్రతి తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఆరున్నర పరుగులు ఇచ్చాడు, పిచర్‌కు అది తలవంపులయ్యే లెక్క. అయినా ట్విన్స్ అతన్ని చివరిదాకా ఉంచుకున్నారు. 2002లో కొంతకాలం కింది జట్టుకు పంపితే, అక్కడి కోచ్ బాబీ క్వేయార్ ప్రతి బ్యాటర్‌కూ చేంజప్ అనే రకం బంతి కనీసం ఒక్కటి వేసి తీరాలని పట్టుబట్టాడు. చెయ్యి అంతే వేగంగా తిరుగుతుంది, బంతి మాత్రం నెమ్మదిగా వస్తుంది, బ్యాటర్ ముందే ఊపేస్తాడు. ఆ బంతితోనే సాంటానా 2004లోనూ, 2006లోనూ ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ పురస్కారం గెలుచుకున్నాడు, రెండుసార్లూ ఓటర్లందరి మొదటి ఓటూ అతనికే పడింది.

నిన్ను ఎవరు వదిలారో దాని గురించే నువ్వు ఆలోచిస్తున్నావు. అడిగి తీసుకున్నవారు నీలో ఏదో ఒకటి చూశారు కదా, అదేమిటో ఒకసారి వాళ్ళనే అడుగు తల్లీ. మూడు నెలల లెక్క చూసి నీకు నువ్వే తీర్పు చెప్పుకోకు.

క్లెమెంటే పద్దెనిమిదేళ్ళు ఇదే జట్టుకు ఆడి, సరిగ్గా 3,000 హిట్లు కొట్టి, 1972 డిసెంబరు 31న నికరాగ్వా భూకంప బాధితులకు సామాన్లు తీసుకువెళ్తూ విమాన ప్రమాదంలో పోయాడు. అంతకు ముందటి ఏడాది వరల్డ్ సిరీస్ గెలిచిన రోజు, టెలివిజన్ వాళ్ళు మైకు పెడితే, ఇంగ్లీషులో జవాబు చెప్పే ముందు స్పానిష్‌లో తన పిల్లలను దీవించి, తన తల్లిదండ్రుల దీవెన కోరాడు. అది తలుచుకున్నప్పుడల్లా నాకు కళ్ళు చెమరుస్తాయి.

పైరేట్స్ మైదానంలో కుడివైపు, అంటే రైట్ ఫీల్డ్, గోడ ఎత్తు 21 అడుగులు, అది ఆయన చొక్కా మీది అంకె. వేసవిలో నువ్వు వచ్చినప్పుడు ఆ గోడ కనిపించే వైపు మూడు టిక్కెట్లు తీసుకుంటాను. పులిహోర ఈసారి ఇంట్లోనే చేస్తానని అమ్మ అంటోంది.

ఆశీస్సులతో,
నాన్న