బటన్ నొక్కడం వేరు, సిగ్నల్ చదవడం వేరు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఎరుకతో బతకడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. రోజూ ఒకే పని ఒకేలా చెయ్యడం వల్లే మనిషి యంత్రమైపోతున్నాడనీ, ఆ చట్రాన్ని బద్దలుకొట్టి ప్రతి క్షణం మెలకువగా గడపాలనీ అందులో రాశారు. చదవడానికి బాగుంది. కానీ రాసినవారు ఒక్కసారైనా అర్ధరాత్రి దాటాక గూడ్సు బండి ఎక్కి ఉంటే ‘ప్రతి క్షణం’ అనే మాట వాడేవారు కాదేమో. నేను అసిస్టెంటుగా చేరి, గూడ్సు నడిపి, ప్యాసింజరు నడిపి, చివరికి ఎక్స్‌ప్రెస్‌ల మీద లోకో పైలట్‌గా రిటైరయినవాణ్ణి. ఆ ఉద్యోగం నేర్పింది కొంచెం వేరుగా ఉంది కాబట్టి ఈ ఉత్తరం.

మా పనిలో చట్రం లేనిదే బండి కదలదు. డ్యూటీకి సైన్ ఆన్ చేశాక, అంటే హాజరు వేయించుకున్నాక, బ్రీత్ అనలైజర్ ఊదాలి. కాషన్ ఆర్డర్ తీసుకుని, ఏ కిలోమీటరు దగ్గర ఎంత వేగం మించకూడదో చదువుకోవాలి. ఇంజనెక్కాక ప్రెషర్ గేజీలు, బ్రేకులు, హారన్, లైట్లు చూసుకోవాలి. ఎవరి వరస వాళ్లకుంటుంది, ఆ వరస మాత్రం మార్చరు. మారిస్తే ఏదో ఒకటి జారిపోతుంది. కొత్తలో ఇదంతా నాకు చాదస్తంలా అనిపించేది. చేతులకు అలవాటైపోయాక దాని సుఖం తెలిసింది: చిన్నచిన్న పనులు చేతులు చూసుకుంటుంటే, బుర్ర ఎదురుగా ఉన్న పట్టాలకు ఖాళీ అవుతుంది.

తీరికగా చదువుకునే రోజులొచ్చాక ఒక సంగతి చూశాను. వెండీ వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, సహచరులతో కలిసి, విద్యార్థుల చేత ఎప్పటికప్పుడు ఏం చేస్తున్నారో, ఏం ఆలోచిస్తున్నారో డైరీ రాయించారు. 2002లో అచ్చయిన ఆ పరిశోధన ప్రకారం మనం చేసే పనుల్లో దాదాపు 43 శాతం అలవాటుగా సాగిపోయేవే, అదీ చాలావరకు మనసు ఇంకెక్కడో ఉండగా. మీ వ్యాసకర్త ఇది చూస్తే గుండె బాదుకునేవారు. నాకైతే నిశ్చింతగా అనిపించింది. ఆ 43 శాతాన్నీ ప్రతిసారీ కొత్తగా ఆలోచించి చెయ్యాల్సి వస్తే మధ్యాహ్నానికల్లా మంచమెక్కుతాం.

అయితే అలవాటుకు అప్పగించకూడనివి కొన్నుంటాయి. ఇక్కడే అసలు చిక్కు. ఇంజన్లో విజిలెన్స్ పరికరం అని ఒకటుంటుంది. దాదాపు ఒక నిమిషం పాటు డ్రైవరు ఏ మీటా కదపకపోతే దీపం మెరుస్తుంది. పట్టించుకోకపోతే బజర్ మోగుతుంది. అప్పటికీ బటన్ నొక్కకపోతే బ్రేకులు వాటంతటవే పడి బండి ఆగిపోతుంది. మనిషి మెలకువగా ఉన్నాడో లేదో కనిపెట్టడానికి పెట్టిన ఏర్పాటది, మంచిదే, ఉండాల్సిందే. కానీ బండి నడిపే రన్నింగ్ స్టాఫ్‌లో ఎవరినైనా అడగండి, చెయ్యి ఆ బటన్‌ని కూడా నేర్చేసుకుంటుంది. కళ్లు తెరిచే ఉంటాయి, మనసు మాత్రం కునుకు తీస్తుంటుంది. దీపం మెరుస్తుంది, బొటనవేలు నొక్కేస్తుంది. అడిగేదెప్పుడూ ఒకటే, ఇవ్వాల్సిన జవాబూ ఒకటే అయినప్పుడు ఇంక మనసుతో పనేముంది?

సిగ్నల్ పిలుపు అలా కాదు. సిగ్నల్ కనపడగానే దానివైపు చెయ్యి చాపి, రంగు పైకి చెప్పాలి. పక్కనున్న అసిస్టెంటు కూడా తన కళ్లతో చూసి చెప్పాలి. ‘డిస్టెంట్ రెండు పసుపులు’ అని ఒకరు, ‘రెండు పసుపులు’ అని ఇంకొకరు (డిస్టెంట్ అంటే ముందున్న సిగ్నల్ ఎలా ఉందో హెచ్చరించే సిగ్నల్). ఇదీ రోజూ చేసేదే, వందల సార్లు చేసేదే. అయినా చూడకుండా చెప్పడం కుదరదు. వచ్చేది పచ్చో, పసుపో, రెండు పసుపులో, ఎరుపో ముందే తెలియదు. తప్పు చెబితే పక్కమనిషి పట్టుకుంటాడు. జపాన్ రైల్వేల్లో ఇదే పద్ధతిని ఇంకా నిష్ఠగా పాటిస్తారు, గేజీకీ గడియారానికీ కూడా వేలు చూపించి చదువుతారు. అక్కడి రైల్వే పరిశోధన సంస్థ 1990లలో ఒక చిన్న పని ఇచ్చి పరీక్షిస్తే, ఊరికే చేసినప్పుడు నూటికి 2.38 తప్పులు వచ్చినచోట, వేలు చూపించి పైకి చెప్పినప్పుడు 0.38కి తగ్గాయట.

ఇంతకీ నేననేది, ఎరుక పేరుతో మీ అనుబంధంలో సూచించే సాధనలు చాలామటుకు బటన్ జాతివి. రోజూ పడుకునే ముందు మూడు కృతజ్ఞతలు రాయమన్నారు. మా ఇంట్లో ఆ నోటుపుస్తకం మొదలైంది. కొన్నాళ్లకే ఆరోగ్యం, కుటుంబం, ఇల్లు అని అవే మూడూ వరసగా, చివరికి ‘పైవిధంగానే’ అని! (రాసింది నేను కాదు, మా అమ్మాయి. ఈ ఉత్తరం చూస్తే గొడవే.) సాధన చెడ్డదని కాదు. జవాబు ముందే తెలిసిన ప్రశ్న మనిషిని ఎన్నాళ్లు మేలుకొలుపుతుంది?

మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ‘ఎలా ఉంది?’ అని రోజూ అడిగేవాణ్ణి, ‘బాగానే ఉంది’ అనేది. ఇద్దరం బటన్ నొక్కుకుని ఎవరి పనిలో వాళ్లం పడేవాళ్లం. ఇప్పుడు అలా అడగను. ‘ఇవాళ మెట్లెక్కేటప్పుడా, దిగేటప్పుడా?’ అంటాను. చెప్పాలంటే ఆవిడ ఒక్క క్షణం తన మోకాలి సంగతి ఆలోచించుకోవాలి, నేను విని నిన్నటితో పోల్చుకోవాలి. ఆమధ్య ‘రెండూ కాదు, కూర్చుని లేచేటప్పుడు’ అంది. ఆ మాట డాక్టరుగారికి చెబితే ఆయన వ్యాయామమే మార్చారు. ఫోను దగ్గరా అంతే. చేతిలోకి తీసుకోగానే దేనికోసం తీశానో పైకి అంటాను, ‘కరెంటు బిల్లు’, ‘తమ్ముడికి ఫోను’ అని. ఏమీ తోచకపోతే బల్లమీద పెట్టేస్తాను. బీపీ మాత్ర వేసుకునేటప్పుడు అట్టమీది వారం పేరు చదువుతాను. రోజు మొత్తంలో ఇలాంటివి నాలుగైదు చోట్లకు మించి పెట్టుకోలేదు. మిగతాదంతా చేతులకే వదిలేశాను, స్నానం చేసేటప్పుడు నీటి స్పర్శను గమనించమన్న మీ వ్యాసకర్త క్షమించాలి. ఆ కాసేపూ నేను పాత పాటలు పాడుకుంటాను.

ఇంకొక్క మాట. ఏ అలవాటైనా 21 రోజుల్లో అబ్బుతుందని వ్యాసంలో ఢంకా బజాయించారు. ఆ అంకె 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటుపడే రోగుల గురించి రాసిన మాటల నుంచి పాకింది. ఆయన కూడా ‘కనీసం’ అనే అన్నారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి చూస్తే మధ్యస్థంగా 66 రోజులు తేలింది, మనిషిని బట్టీ పనిని బట్టీ 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒకరోజు తప్పితే కొంప మునగదని కూడా వాళ్లే చెప్పారు. ఇరవై రెండో రోజున తమను తాము తిట్టుకుంటున్న పాఠకులుంటే వాళ్లకోసం ఇది అచ్చు వేయండి.

చివరగా ఒక ఫిర్యాదు. మీరిచ్చే సలహాలన్నీ తెల్లవారుజామున అయిదింటికి మొదలవుతాయి. అయిదింటికి డ్యూటీ దిగేవాళ్ల మాటేమిటి? ఇవాళ రాత్రి, రేపు మధ్యాహ్నం, ఎల్లుండి వేకువ అంటూ రోస్టరు తిప్పినట్టల్లా తిరిగేవాళ్లకు గంటల లెక్క పనికిరాదు. వాళ్లు దేన్నైనా గడియారానికి కాక ఒక ఘటనకు తగిలించుకోవాలి. బూట్లు విప్పగానే ఇది, బట్టలు మార్చుకోగానే అది. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త ‘ఫలానాది జరగ్గానే ఫలానాది చేస్తాను’ అని ముందే అనుకున్నవాళ్లు అనుకున్నది చెయ్యడం ఎక్కువని తన ప్రయోగాల్లో చూపించారు. షిఫ్టుల మనుషులకు ఇది ఎవరూ చెప్పకుండానే తెలుసు.

కాబట్టి ఈసారి ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు రాత్రి డ్యూటీ నర్సునో, బస్సు డ్రైవరునో, అపార్టుమెంటు గేటు దగ్గరి కాపలా మనిషినో కలిసి, వాళ్లు ఎక్కడెక్కడ మెలకువగా ఉంటారో అడిగి రాయించమని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత లోకో పైలట్