ఇన్సులిన్‌కు అండగా నిలిచిన ఫార్మసిస్టు

సంపాదకుల వారికి నమస్కారములు.

ఇన్సులిన్ అనగానే దాన్ని కనుగొన్న టొరంటో శాస్త్రవేత్తలు బాంటింగ్, బెస్ట్‌ల పేర్లే పత్రికల్లో కనిపిస్తాయి గాని, 1922లో ఆ తయారీ అనుమతిని డెన్మార్క్‌కు తెచ్చిన శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్‌కు, ఆయన సహచరుడు హాగెడోర్న్‌కు ధనసాయం చేసిన కోపెన్‌హాగన్ ఫార్మసిస్టు ఆగస్ట్ కాంగ్‌స్టెడ్‌ను తలచేవారు అరుదు. క్రోగ్ భార్య మారీ కూడా మధుమేహ రోగియే. పశువుల క్లోమగ్రంథి నుంచి ఆల్కహాల్‌తో సారం తీసి, శుద్ధిచేసి తయారైన ఆ మందుకు కాంగ్‌స్టెడ్ సంస్థ పేరు మీదుగానే ‘ఇన్సులిన్ లియో’ అని పేరు వచ్చింది. ప్రయోగశాలలో తేలిన మందు రోగి చేతికి అందాలంటే ఫార్మసిస్టు పూనిక తప్పదని నా దృఢ నమ్మకం.

ఫ్రిజ్ లేని మా దేవరకొండ వైపు ఇళ్లలో, తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో ఇన్సులిన్ సీసాను ఎలా దాచుకోవాలో ఓపికగా విడమరిచి చెప్పేది మందుల దుకాణంలోని ఫార్మసిస్టే. నవంబరు 14న, ప్రపంచ మధుమేహ దినం నాడు, కాంగ్‌స్టెడ్ జీవితంపై ఒక వ్యాసం ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, దేవరకొండ, నల్గొండ జిల్లా