మున్సిపల్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ: చెరువు గట్టున మంట ఆపించండి

అయ్యా, నమస్కారం.

మా ఇంట్లో తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇవ్వడం మొదలుపెట్టి మూడేళ్లయింది. మా అమ్మ డెబ్బై ఏళ్ల వయసులో అలవాటు చేసుకుంది. పొద్దున్నే చెత్త బండి వస్తుంది, రెండు బుట్టలూ ఒకే తొట్టిలోకి దులుపుకుంటుంది. పారిశుధ్య కార్మికులను తప్పుపట్టను. బండిలో విడి అరలే లేకపోతే వాళ్లేం చేస్తారు?

ఆ కలగలిసిన చెత్తంతా చెరువు గట్టుకు చేరుతోంది. రాత్రి తొమ్మిది దాటాక అంటిస్తున్నారు. ప్లాస్టిక్, టైరు ముక్కలు కాలిన పొగ తెల్లారేదాకా మా వీధిని వదలదు. అమ్మకు ఆయాసం. పొగ వాసన తగిలితే చాలు, ఇంట్లో అందరికీ టెన్షన్.

చెత్తను మూడు రకాలుగా వేరు చేయాలని, బహిరంగంగా కాల్చకూడదని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలే చెప్పాయి. అదే ఏడాది జాతీయ హరిత ట్రిబ్యునల్ కాల్చినవారికి 5,000, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయల జరిమానా పెట్టింది. గట్టు మీద ఆ జరిమానా ఎవరికి పడాలి?

డబ్బు లేదంటారేమో. బొబ్బిలి మనకంటే పెద్ద ఊరేం కాదు, అక్కడ తడి చెత్తను ఎరువు చేస్తున్నారు.

ముందుగా ఈ రాత్రిపూట మంటలు ఆపించండి. తడి, పొడి కలవకుండా బండ్లలో అడ్డంగా ఒక రేకు పెట్టించండి. గట్టు మీద పేరుకున్న పాత చెత్తను జల్లెడ పట్టి తీసే బయోమైనింగ్ పనిని వానలు పడేలోపు మొదలుపెట్టండి. నీళ్లు నిండితే ఆ మురుగు మా బోర్లలోకే దిగుతుంది.

ఇట్లు,
చెరువు వీధి నివాసి